మద్రాసులో మా గోదారి పందిరి

ఉగాది నుంచి శ్రీరామనవమి దాకా వసంత నవరాత్రులు. ఎనభైల్లో మేము మద్రాసులోని సాలిగ్రామంలో ఉన్నప్పుడు ఆ తొమ్మిది రోజులూ మా వీధి మొదట్లో కొబ్బరాకుల పందిరి ఉండేది. రాములవారి పందిరే, పొద్దున పూజ, ప్రసాదం అన్నీ మామూలే, కానీ సాయంత్రం దీపాలు పెట్టాక అక్కడ జరిగేదంతా గోదావరి గురించి. వీధిలో సగం ఇళ్ళు సినిమా పని మీద వచ్చి స్థిరపడిన గోదావరి జిల్లాల వాళ్ళవి. సెట్టింగుల వడ్రంగులు, లైట్‌మెన్లు, కాస్ట్యూమ్స్ కుట్టే టైలర్లు, యూనిట్‌కి వంట చేసేవాళ్ళు, ఒక ప్రొడక్షన్ మేనేజరు గారు. వాళ్ళ పిల్లలం మేము తమిళం గలగలా మాట్లాడేవాళ్ళం, స్కూల్లో కావేరి గురించి చదువుకునేవాళ్ళం, వేసవి సెలవుల్లో అమ్మమ్మగారింటికి వెళ్తే తప్ప గోదావరి మాకు కంటపడేది కాదు. పెద్దవాళ్ళకి అదే బెంగ. ఆ సాయంత్రాలు ఆ బెంగలోంచి పుట్టినవే.

సంఘం, అధ్యక్షుడు లాంటివేమీ లేవు. ఒక చందా పుస్తకం, దాన్ని పట్టుకుని ఇల్లిల్లూ తిరిగే కుర్రాళ్ళు, అంతే. షూటింగ్ లేని రోజు చూసుకుని ఎవరికి వీలైన పని వాళ్ళు చేసేవారు. స్టూడియోలో వాడి పక్కన పడేసిన గుడ్డలు, ప్లైవుడ్ ముక్కలు, మిగిలిన రంగులు అడిగి తెచ్చేవారు కాబట్టి చందాలు తక్కువైనా పందిరి మాత్రం ఘనంగా ఉండేది. రాములవారి పటానికి ఎడం పక్క గుంజకి కాటన్ దొర ఫొటో, దానికీ ఒక దండ. మా పంతులుగారు సంకల్పంలో ఆయన పేరు కూడా కలిపి భగీరథుడని చెప్పేవారు. గోదావరి ఒడ్డున కొందరు పురోహితులు అలా చెప్పడం ఉంది. పక్క వీధుల వాళ్ళు వింతగా చూసేవారు, దేవుడి పందిట్లో తెల్లదొరకి దండేమిటని. అప్పుడు ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పేవారు: 1830ల్లో వచ్చిన కరువులు, 1839లో కోరింగని ఊడ్చేసిన ఉప్పెన, పక్కనే అంత నది పోతున్నా గింజ లేక మనుషులు రాలిపోవడం, 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలుపెట్టి 1852 కల్లా ఆనకట్ట నిలబెట్టడం, ఆ పనిలో కాటన్ దొరకి చేదోడుగా ఉన్న వీణం వీరన్న సంగతి. చెప్పేవాళ్ళలో ఎక్కువమంది బడి గడప సరిగ్గా తొక్కనివాళ్ళే. అయినా ఆ సంవత్సరాలు నోటికి వచ్చేవి.

వీధి పొడుగునా నది ముగ్గు వేసేవారు. ఇది ఆడవాళ్ళ పని, ఆ ఒక్క రాత్రి మగవాళ్ళెవరూ సైకిల్ కూడా అటు తీసుకురాకూడదు. త్ర్యంబకం దగ్గర మొదలుపెట్టి నాసిక్, పైఠాన్, నాందేడ్, బాసర, భద్రాచలం మీదుగా రాజమండ్రి దాకా ఒక నీలం గీత, మధ్యలో మంజీర, ప్రాణహిత, ఇంద్రావతి, శబరి వచ్చి కలిసే చోట రంగు మార్చేవారు. 1,465 కిలోమీటర్ల నదిని మా వీధి చివర చాకలి బండ దాకా సర్దాలి. ధవళేశ్వరం దాటాక గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయలు వచ్చేసరికి ప్రతిసారీ గొడవే, మా ఊరు ఈ పాయ మీద, కాదు ఆ పాయ మీద అని. ముగ్గు పూర్తయ్యేసరికి తెల్లారిపోయేది. పిల్లలం ఆ గీత పక్కన నడుస్తూ పేర్లు చదవాలి, తడబడకుండా చదివినవాళ్ళకి ఒక పెన్సిలు. నాకు ఇప్పటికీ నది మొత్తం ఆ వరసలోనే గుర్తుంది, మ్యాపులో చూసి నేర్చుకున్నది కాదు.

1986 ఆగస్టులో వరద వచ్చింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది, గట్లు తెగాయి, నది మధ్య లంకలు మునిగాయి. ట్రంక్ కాల్ కలవదు, టెలిగ్రాం రాదు. మావాళ్ళు స్టేషన్‌కి వెళ్ళి సర్కార్ ఎక్స్‌ప్రెస్ దిగినవాళ్ళని పట్టుకుని, ఏవండీ మీది ఏ ఊరండీ, మా ఊరి సంగతేమైనా తెలిసిందా అండీ అని అడిగేవారు. ఇళ్ళల్లో ఆ టెన్షన్ చూసి పిల్లలం అడిగిన ప్రశ్న ఒక్కటే. అంత పెద్ద ఆనకట్ట ఉండగా వరద ఎందుకు ఆగలేదు? నాన్న సమాధానం చెప్పాడు గానీ మాకు అర్థం కాలేదు. అందుకని ఆ తర్వాత వచ్చిన ఉగాదికి ఆనకట్టని చేసి చూపించాడు.

నాన్న సెట్టింగుల వడ్రంగి. చెక్క ఫ్రేము కట్టి, లోపల జింకు రేకు పరిచి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో నది అడుగు, లంకలు, గట్లు పోశాడు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని పాత ఆనకట్ట నాలుగు ముక్కలు, వాటి మధ్య లంకలు. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకి పోయే కాలువలు. అప్పటికి పాతదాని స్థానంలో కొత్త బ్యారేజీ వచ్చేసింది, 1982లో పూర్తయింది, కానీ మా ఇళ్ళల్లో అందరూ ఆనకట్ట అనే అనేవారు, నాన్న కూడా చిన్నప్పుడు తను చూసిందే చేశాడు. బిందెతో నీళ్ళు పోసి చూపించాడు. నెమ్మదిగా పోస్తే నీళ్ళు ఆనకట్ట దగ్గర కొంచెం ఎత్తుకి లేచి కాలువల్లోకి తిరిగాయి. బిందె ఒక్కసారిగా ఒంపేస్తే ఆనకట్ట మీంచి దూకి పోయాయి, గట్టు పల్చగా ఉన్న చోట తెంచుకుని పందిట్లోకి వచ్చేశాయి. ఆనకట్ట పని నీళ్ళని కాలువకి అందేలా లేపడం, వరద నుంచి కాపాడాల్సింది గట్లు. అది చూసిన ఏ పిల్లాడూ మళ్ళీ ఆ ప్రశ్న అడగలేదు. ఆ గట్టు తెగినప్పుడు మాత్రం వెనక నిలబడ్డ ఆడవాళ్ళు కొందరు ఏడ్చారు.

ఆ మోడల్‌లో అందరూ ఎగబడి చూసింది లాకు, కాలవలో పడవలు దాటడానికి రెండు తలుపులతో కట్టే అర. దానికి రెండు పక్కలా గాజు పలకలు పెట్టాడు నాన్న, నీటి మట్టం కనపడేలా. పడవ మా తాతయ్య చెక్కాడు, టేకు ముక్కతో, బెత్తెడు పొడుగు. తాతయ్య వయసులో ఉన్నప్పుడు పడవ మీద పనిచేసినవాడు. గడ వేశాడు, తెరచాప కట్టాడు, గాలి లేనప్పుడు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవని లాగాడు. పందిట్లో మైకు ఇస్తే వద్దనేవాడు. పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని అడిగేవాడు.

"కింద కాలవలో ఉన్న పడవ పై కాలవలోకి ఎలా ఎక్కుద్దో చెప్పండే?"

"ఏనుగు లాగుతుంది తాతా!"

"అందరూ కలిసి మోస్తారు!"

"ఎవరూ మొయ్యక్కర్లేదమ్మా. నీళ్ళే మోస్తాయి. చూడండి."

పడవని లాకులోకి తోసి వెనక తలుపు మూసేవాడు. ముందు తలుపుకి ఉన్న చిన్న షట్టరు ఎత్తితే పైనుంచి నీళ్ళు లోపలికి వచ్చేవి. గాజులోంచి పడవ మెల్లగా లేవడం కనిపించేది. రెండు పక్కలా నీళ్ళు సమానమయ్యేదాకా ముందు తలుపు తెరిచేవాడు కాదు. "ఇప్పుడు తలుపు తీస్తే చంటిపిల్లాడు తోసినా తెరుచుకుద్ది. ముందే తీద్దామని చూస్తే పదిమంది పట్టినా రాదు" అనేవాడు. తమిళ పిల్లలు కూడా వచ్చేవారు, వాళ్ళకి వచ్చీరాని తమిళంలో అదంతా మళ్ళీ చెప్పేవాడు. ఆ తమిళం ఆయన మద్రాసులో పడవలు సరుకు దింపే బేసిన్ బ్రిడ్జ్ దగ్గర నేర్చుకున్నాడు.

నేను ఇన్నేళ్ళ తర్వాత ఇది రాయడానికి కారణం ఇదే. మా నాన్న రైల్లో వచ్చాడు గానీ తాతయ్య మొదటిసారి మద్రాసుకి గోదావరి నీళ్ళ మీంచే బయల్దేరి పడవలో వచ్చాడు. విజ్జేశ్వరం దగ్గర కాలవలో పడితే నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు, అక్కణ్ణుంచి ఏలూరు కాలవలోనే బెజవాడ, కృష్ణ దాటి సీతానగరం, దుగ్గిరాల, కొమ్మమూరు కాలవ, పెదగంజాం. అక్కడ బకింగ్‌హాం కాలవ అందుకుంటే కృష్ణపట్నం, దుగరాజపట్నం, పులికాట్ సరస్సు, ఎన్నూరు, చివరికి బేసిన్ బ్రిడ్జ్. తాతయ్య ఈ పేర్లన్నీ వేళ్ళు మడుస్తూ చెప్పేవాడు, ఏ లాకు దగ్గర ఎంతసేపు ఆగాలో, ఎక్కడ మంచినీళ్ళు దొరకవో, పులికాట్‌లో గాలి ఎటు తిరిగితే తెరచాప దించెయ్యాలో కూడా. కొంచెం సముద్రపు పోటు ఎక్కే చోట్ల పోటు చూసుకునే కదలాలట. వచ్చేటప్పుడు బియ్యం, బెల్లం, కొబ్బరికాయలు. తిరిగి వెళ్ళేటప్పుడు ఉప్పు. సూళ్ళూరుపేట వైపు నుంచి మద్రాసుకి సరుగుడు కట్టెలు తెచ్చే పడవలు వేరే ఉండేవి, పట్నంలో పొయ్యిలన్నీ ఆ కట్టెలతోనే వెలిగేవని చెప్పేవాడు.

తర్వాత పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను. బకింగ్‌హాం కాలవ 1806లో మద్రాసు నుంచి ఎన్నూరుకి తవ్వడంతో మొదలైంది. ఊరి మధ్యలో కూవం నదినీ అడయార్ నదినీ కలిపే ముక్కని 1876-78 కరువులో తవ్వించారు, మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకునే కరువది. కూలికి తవ్వినవాళ్ళు ఆకలితో వచ్చినవాళ్ళు. అప్పటి గవర్నరు పేరు పెట్టారు, తవ్వినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. 1965, 1966 తుపానులకి కాలవ బాగా దెబ్బతింది, అప్పటికే రోడ్లూ లారీలూ వచ్చేశాయి. 2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఈ కాలవలన్నిటినీ కలిపి నాలుగో జాతీయ జలమార్గం అని ప్రకటించారు. ఇవాళ మైలాపూర్ దగ్గర లోకల్ రైలు దిగి కిందికి చూస్తే స్తంభాలు ఆ కాలవలోనే దిగి ఉంటాయి, నీళ్ళు నల్లగా, కదలకుండా. రోజూ వేలమంది ముక్కు మూసుకుని దాటిపోతారు. వాళ్ళలో గోదావరి జిల్లాల వాళ్ళు ఎంతమంది ఉంటారో, తమ ఊరికీ ఆ నీళ్ళకీ ఒకప్పుడు పడవ దారి ఉండేదని వాళ్ళకి ఎవరూ చెప్పి ఉండరని నాకు బాధగా ఉంటుంది.

మా పందిరికి ఒక తమిళ హెడ్మాస్టరు గారు క్రమం తప్పకుండా వచ్చేవారు, తంజావూరు వైపు మనిషి, రిటైరై మా వీధి చివర్లో ఉండేవారు. కాటన్ దొర ఫొటోకి నమస్కారం పెట్టి, మీ ఊరికి రాకముందు ఈయన మా కావేరి దగ్గర పనిచేశాడు తెలుసా అని మొదలుపెట్టేవారు. నిజమే, 1836లో కావేరి పాయ కొళ్ళిడం మీద ఆనకట్ట కట్టింది కాటనే. లోతు తెలియని ఇసుకలో పునాది ఎలా నిలబెట్టాలో పాతకాలంలో కావేరి మీద కల్లణై ఆనకట్ట కట్టినవాళ్ళ దగ్గరే నేర్చుకున్నామని ఆయనే రాసుకున్నాడు. ధవళేశ్వరం దగ్గరా అడుగున ఇసుకే. హెడ్మాస్టరు గారు ఆ మాట చెప్పిన రోజు మా తాతయ్య లేచి వెళ్ళి ఆయన చేతులు పట్టుకున్నాడు. తర్వాత సంవత్సరం నుంచి మా ముగ్గులో కావేరి కూడా ఒక పక్కన చేరింది, ఆ గీత వేసింది హెడ్మాస్టరు గారి భార్య.

మిగతా కార్యక్రమాలు మామూలువే. హరికథ, ఒకసారి బుర్రకథ, పిల్లల ఉపన్యాసాలు. నా వంతుకి ఎప్పుడూ వీరేశలింగం పంతులు గారు వచ్చేవారు. 1881లో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించడం, ఊరంతా ఎదురు తిరగడం, చివరికి 1919లో ఆయన కన్నుమూసింది ఈ మద్రాసులోనే అని చెప్పి దిగిపోయేదాన్ని. మా అక్కకి దుర్గాబాయమ్మ గారు: రాజమండ్రిలో పుట్టి 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టిన మనిషి. మైలాపూర్‌లో పొట్టి శ్రీరాములు గారు దీక్ష చేసి 1952లో ప్రాణం వదిలిన ఇల్లు కూడా గోదావరి మనిషి బులుసు సాంబమూర్తి గారిదే అని మా టైలరు మామయ్య ప్రతి సంవత్సరం గుర్తుచేసేవాడు, అది చెప్పేటప్పుడు ఆయన గొంతు పూడుకుపోయేది.

తిండి గురించి చెప్పకపోతే అమ్మ ఊరుకోదు. చైత్రంలో లేత పనసకాయలు వస్తాయి కదా, కొత్తవాల్ చావడి మార్కెట్ నుంచి తెప్పించి అరుగు మీద కూర్చుని పొట్టు కొట్టేవారు. ఆ కత్తి చప్పుడు ఒక తీరుగా సాగాలి, పొట్టు సన్నగా రాలాలి. ఆవ పెట్టి వండిన ఆ కూర కోసం వేరే వీధుల నుంచి కూడా వచ్చేవారు. ఇక పూతరేకుల మామ్మగారు. ఆత్రేయపురం దగ్గర పుట్టిన ఆవిడ, నున్నటి కుండని దుప్పట్లలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని రైల్లో తెచ్చుకున్నారు. కుండని బోర్లించి కింద మంట పెట్టి, పల్చటి బియ్యం పిండిలో గుడ్డ ముంచి ఒక్కసారి అలా పరిచి తీస్తే ఉల్లిపొరంత పల్చటి రేకు లేచి వచ్చేది. మంట కొంచెం ఎక్కువైనా రేకు చిట్లిపోతుంది. మా అమ్మావాళ్ళు వరసగా నిలబడి నేర్చుకుందామని ప్రయత్నించేవారు, ఎవరికీ ఆ చేయి రాలేదు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివినప్పుడు నాకు మొదట ఆవిడ మొహమే గుర్తొచ్చింది.

నవమి నాడు మధ్యాహ్నం భద్రాచలం కల్యాణం రేడియోలో. విజయవాడ స్టేషను మద్రాసులో సరిగ్గా అందేది కాదు, గరగరలాడేది, యాంటెన్నాకి రాగి తీగ కట్టి దాన్ని వేపచెట్టు దాకా లాగేవారు లైట్‌మెన్ అన్నయ్యలు. రేడియో ముందు మైకు పెడితే వ్యాఖ్యానం చెప్పే ఉషశ్రీ గారి గొంతు వీధంతా వినిపించేది. ఆయన చెబుతుంటే ముత్యాల తలంబ్రాలు కళ్ళకి కట్టేవి. పానకం, వడపప్పు చేతిలో పట్టుకుని, ఎండలో, మాటా పలుకూ లేకుండా వినేవాళ్ళం.

తొంభైల్లో తెలుగు సినిమా పనంతా హైదరాబాద్ తరలిపోయింది, మా వీధిలో ఇళ్ళు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. 1996 నవంబరులో కోనసీమని తుపాను కొట్టి కొబ్బరితోటలు నేలకూలిపోయినప్పుడు, ఆ తర్వాత వచ్చిన చైత్రంలో మిగిలినవాళ్ళం పందిరి వెయ్యకుండా ఆ డబ్బంతా ఊళ్ళకి పంపేశాం. మళ్ళీ వెయ్యనేలేదు.

ఇప్పుడు వలసరవాక్కంలో మా అపార్ట్‌మెంట్లో మళ్ళీ చేస్తున్నాం. బాగానే జరుగుతోంది, పిల్లలు డాన్సులు చేస్తారు, యాంకరు ఉంటుంది. కోరుకొండ వైపు గోటితో వడ్లు ఒలిచి భద్రాచలానికి తలంబ్రాలు పంపుతున్నారని తెలిసి మా ఆడవాళ్ళు కూడా కూర్చుని వడ్లు ఒలుస్తున్నారు. అది నాకు ఎంతో నచ్చింది, ఒలుస్తూ మాట్లాడుకుంటారు కాబట్టి. కానీ వేదిక మీద మాట్లాడేవాళ్ళలో నది మీద పనిచేసినవాళ్ళు ఒక్కరూ లేరు. నన్నయ గారి గురించి, రాజరాజనరేంద్రుడి గురించి చెప్పేవాళ్ళు ఎప్పటికీ ఉంటారు, పుస్తకాలున్నాయి. లాకు తలుపు ఎప్పుడు తెరవాలో, గన్నవరం అక్విడక్టు మీద కింద వైనతేయ పారుతుంటే పైన కాలవలో పడవ నడపడం ఎలా ఉంటుందో, ఎండాకాలం కాలవలు కట్టేస్తే పడవవాళ్ళు ఆ రోజులు ఎలా గడిపేవారో చెప్పేవాళ్ళు వెళ్ళిపోతున్నారు. తాతయ్య చెప్పినవి మేము రాసుకోలేదు, టేప్ రికార్డరు వీధిలో రెండిళ్ళల్లో ఉండేది.

2027లో గోదావరి పుష్కరాలు. వాటికి ముందు వచ్చే చైత్రంలో మా కార్యక్రమంలో ఒక సాయంత్రం పూర్తిగా నది మీద పనిచేసినవాళ్ళ మాటలకే ఇవ్వమని అడిగాను, సరేనన్నారు. కాబట్టి మీ ఇంట్లో గానీ మీకు తెలిసిన ఇంట్లో గానీ పడవల మీద, లాకుల దగ్గర, ఉప్పు కొఠార్లలో, బేసిన్ బ్రిడ్జ్ దగ్గర సరుకు దింపే చోట పనిచేసిన పెద్దవాళ్ళుంటే దయచేసి ఫోన్లో రికార్డు చెయ్యండి. పెద్ద పెద్ద ప్రశ్నలు వద్దు. ఏ లాకు తర్వాత ఏ లాకు, రాత్రి ఎక్కడ ఆగేవారు, పడవలో వంట ఎవరు చేసేవారు, పొయ్యి ఎక్కడ పెట్టేవారు, కూలి ఎలా ఇచ్చేవారు, ఇవి అడగండి చాలు. ఎన్నూరు, పులికాట్ వైపు తమిళ కుటుంబాల్లో కూడా ఇలాంటివాళ్ళు ఉంటారు, వాళ్ళనీ అడగండి. పాత పడవ ఫొటో ఒక్కటున్నా సరే. తెలుగులో ఉన్నా, తమిళంలో ఉన్నా పంపండి, అన్నీ విని అక్షరం పోకుండా రాసిపెట్టే పూచీ నాది.